రాబందు కూడా ఆలస్యంగానే లేస్తుంది

ఆదివారం, రాత్రి పదిన్నర.

పిల్లలిద్దరూ కాళ్ళు కడుక్కోకుండానే నిద్రపోయారు. లేపి కడిగించే ఓపిక నాకూ లేదు. దుప్పట్లు ఎలాగూ రేపు ఉతకాలి.

బడులు తెరవడానికి ఇక వారం కూడా లేదు. సెలవుల్లో సగం అనంతపురంలో అమ్మమ్మ ఇంట్లో మామిడిపళ్ళకు, మిగతా సగం ఇక్కడ ఫోనుకు ఖర్చయిపోయాయి. ఒక్క రోజైనా మట్టి తొక్కించాలని రామనగర వెళ్దామన్నాను. మైసూరు దారిలో, బెంగళూరుకు దాదాపు యాభై కిలోమీటర్లు. అక్కడి రామదేవర బెట్ట అనే కొండను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. ఇన్నేళ్ళుగా బెంగళూరులో ఉంటూ ఒక్కసారీ చూడలేదు. మా వారికి మాత్రం ఆ కొండలంటే 1970లలో అక్కడ తీసిన హిందీ సినిమా ఒక్కటే. రైల్లో కూర్చున్నప్పటి నుంచి అందులోని మాటలు వల్లిస్తూనే ఉన్నారు. పిల్లలు ఆ సినిమా చూడలేదు కాబట్టి ఎవరూ నవ్వలేదు. ఆయన ఆగలేదు.

నిన్న రాత్రి సంచులు సర్దడమే ఒక పెద్ద కార్యక్రమం. ఎవరి సంచి వాళ్ళే మోయాలన్నది నా షరతు. పిల్లల వీపు మీది బరువు వాళ్ళ ఒంటి బరువులో పదో వంతు దాటకూడదంటారు. బడి సంచుల కోసం 2020లో కేంద్రం చెప్పిన లెక్క కూడా అదే. పాప 26 కిలోలు, చిన్నవాడు 17. ఊరెళ్ళేటప్పుడు సామాను తూచుకునే కొక్కెం త్రాసు అటక మీద నుంచి దింపాను. పాప సంచి రెండు కిలోల నాలుగు వందలు తూగింది. నీళ్ళు, టోపీ, మురుకులు, బైనాక్యులర్, బొమ్మల పుస్తకం. చిన్నవాడిది కిలో ఆరు వందలు, అందులో ఒక బొమ్మ జేసీబీ. అదెందుకురా అంటే, "కొండ మీద రాయి అడ్డొస్తే?" అన్నాడు. ఎదురు చెప్పడానికి నాకేమీ తోచలేదు.

ఐదింటికి లేచి ఎనిమిదికల్లా కొండ కింద ఉండాలన్నది ప్రణాళిక. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుందన్న సంగతి మరిచిపోయింది నేనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను. బెంగళూరు పెద్ద రైల్వే స్టేషనున్న మెజెస్టిక్ చేరేసరికి అనుకున్న రైలు వెళ్ళిపోయింది. తర్వాతి దాన్లో కెంగేరి, బిడది దాటి రామనగరలో దిగి, తట్టె ఇడ్లీ తిని, ఆటో ఎక్కి కొండ దగ్గర దిగేసరికి పదింపావు. ఎండ నెత్తికెక్కింది. నా ముఖం ఎలా ఉందో ఆటో అబ్బాయి చిల్లర ఇచ్చిన తీరులోనే తెలిసింది.

పాపకు నాకన్నా కన్నడం బాగా వచ్చు. గేటు దగ్గరున్న ఆయన్ను "రణహద్దు" ఎక్కడుంటుందని అడిగింది. కన్నడంలో రాబందును అలాగే అంటారు. తెలుగు చెవికి హద్దంటే పొలిమేర కదా, చిన్నవాడు యుద్ధభూమి సరిహద్దేదో చూపిస్తారనుకున్నాడు. ఆ పెద్దాయన నవ్వి చెప్పిన మాటతో నా కోపం సగం దిగింది. మీరేమీ ఆలస్యంగా రాలేదమ్మా, అవి కూడా ఇప్పుడే లేస్తాయి అన్నాడు.

నిజమే. ఐదారు కిలోల పక్షి, రెక్కలు చాపితే రెండు మీటర్ల పైన. అంత ఒంటిని రెక్కలు కొట్టుకుంటూ ఎత్తుకు చేర్చాలంటే తిన్న తిండంతా దానికే సరిపోతుంది. అందుకని బండ వేడెక్కే దాకా అంచున కూర్చునే ఉంటుంది. ఎండకు కాగిన రాతి మీద నుంచి వేడిగాలి పైకి లేచాక దాని మీద వాలి, సుడులు తిరుగుతూ ఊరికే ఎక్కిపోతుంది. తెల్లవారుజామున పరుగున వస్తే మేము చూసేది కదలని ఒక నల్ల చుక్కనే.

మెట్లు మొదలయ్యాయి. చిన్నవాడు లెక్కపెడతానన్నాడు. ఇరవై ఏడు దగ్గర, ఒక బండ నీడలో ఆగిపోయాడు. మెత్తని పొడిమట్టిలో గరాటుల్లాంటి చిన్న చిన్న గుంటలు, ఒక్కొక్కటి బొటనవేలి గోరంత. చీమ జారితే అడుగున దాక్కున్న పురుగు మట్టి ఎగజిమ్మి కిందికి లాగేస్తుంది. నా చిన్నప్పుడు పుల్లతో గీకి ఆ పురుగును బయటికి తీసేవాళ్ళం. అరచేతిలో పెట్టుకుంటే వెనక్కి వెనక్కి నడిచేది. అదే పెద్దయ్యాక తూనీగలాంటి రెక్కలతో ఎగిరిపోతుందని మొన్నమొన్ననే తెలిసింది. ఇరవై నిమిషాలు అక్కడే. మమ్మల్ని దాటుకుని పైకి వెళ్ళిన ఒక కుటుంబం దర్శనం చేసుకుని కిందికి దిగుతూ, ఇంకా ఇక్కడే ఉన్నారా అన్నట్టు చూశారు.

ఆ తర్వాత తొండ. మా ఊరి కంచెల మీది మామూలు తొండ కాదు. వీపు ఎర్రటి నారింజ, పక్కలు నల్లగా, ఎవరో కూర్చుని రంగులద్దినట్టుంది. జతకట్టే కాలంలో మగవాటికే ఆ రంగు. ఇంకో మగది కనబడితే క్షణాల్లో రంగు మార్చేస్తుంది. ఇది మా వంక చూసి రెండుసార్లు తలాడించింది. చిన్నవాడు తిరిగి తలాడించాడు. కాసేపు ఇద్దరి మధ్య అదే సంభాషణ.

పాపను ఆపింది రాయి. బండలో అక్కడక్కడా గులాబీరంగు పలకలు, కొన్ని నా వేలి కణుపంత పొడవు. అమ్మమ్మ ఇంట్లో పటికబెల్లం చూశావు కదా అన్నాను. పాకం త్వరగా ఆరితే పంచదార పలుకులే, నెమ్మదిగా ఆరనిస్తేనే కండలు కడుతుంది. ఈ కొండ కూడా భూమి లోపల అలా తీరిగ్గా ఆరిన పాకమే, దాదాపు 250 కోట్ల ఏళ్ళ కిందటిది. ఆంగ్లేయుల కాలంలో ఈ ఊరి పేరు క్లోజ్‌పేట. ఊరి పేరు మారింది కానీ భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతిని నేటికీ క్లోజ్‌పేట గ్రానైట్ అనే పిలుస్తారు. పాప బండను గోటితో గీకి చూసింది. నాలుకతో చూస్తుందేమోనని చెయ్యి పట్టుకున్నాను. ఈలోగా చిన్నవాడు జేబుల నిండా రాళ్ళు ఏరాడు. ఇది అభయారణ్యం, పుల్ల కూడా తీసుకెళ్ళకూడదని చెప్పి అన్నీ అక్కడే పోయించాను. పెద్దగా ఏడవలేదు. అనుమానించాల్సింది.

కోతుల గురించి రాయాలంటే మురుకుల పొట్లం గురించి రాయాలి. వద్దు.

ఎదుటి కొండచరియ మీద సున్నం కారినట్టు తెల్లటి చారలు. రెట్టల గుర్తులు. ఏటేటా ఆ అంచుల మీదే కూర్చుంటాయి, అక్కడే ఏడాదికి ఒక్క గుడ్డు పెడతాయి. బైనాక్యులర్ పాప చేతిలో, తక్కిన మేమంతా దాని దయ మీద.

"ఎందుకు ఇన్ని తక్కువ ఉన్నాయి?" అంది. చెప్పాను. పశువుకు నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ అనే మందు ఇచ్చేవారు. ఆ పశువు చనిపోతే దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు దెబ్బతినేవి. 1990ల నుంచి పదిహేనేళ్ళలో ఈ జాతిలో నూటికి తొంభై ఐదుకు పైగా పోయాయి. పశువులకు ఆ మందు వాడకూడదని 2006లో నిషేధించారు.

"ఆవుకు మంచి చేసిందే కదా?"

"అవును."

"మరి ఎవరి మీద కోపం రావాలి?"

ఎవరి మీదో నాకూ తెలియక నీళ్ళు తాగమన్నాను. మనం లంచాలు తినేవాళ్ళను రాబందులంటాం. పాపం అది చచ్చినదాన్నే తింటుంది, ఊరిని శుభ్రం చేసి పెడుతుంది. అనంతపురం వెళ్ళేటప్పుడల్లా లేపాక్షిలో బండ మీది జటాయువు ముందు నిలబడి ఫోటో దిగుతాం. "లే పక్షీ" అన్న కథ పిల్లలకు కంఠతా వచ్చు. ఆ పక్షీ ఈ పక్షీ ఒకటేనని మాత్రం ఈ రోజు దాకా నేనే చెప్పలేదు.

పదకొండున్నరకు వచ్చింది. ఒకటే. ముందు గద్ద అనుకున్నాను. గద్ద అంత పెద్దది కాదు, అంత నిబ్బరంగానూ ఉండదు. వెడల్పాటి రెక్కలు, చివర వేళ్ళు విప్పినట్టు ఈకలు, పొట్టి తోక. చరియ అంచు నుంచి ఊరికే గాలిలోకి ఒరిగి, ఒక చుట్టు, ఇంకో చుట్టు, మా తలల ఎత్తుకు, ఆపైకి. పాప గొంతు తగ్గించి లెక్కపెట్టసాగింది. రెక్క ఎన్ని అంకెలకు కొడుతుందో చూడాలట. ఎనభై ఏడు దాకా కొట్టలేదు. అప్పటికి అది ఎండలో కలిసిపోయింది. మా వారు కూడా ఆ కాసేపు సినిమా మాటలు ఆపారు.

చిన్నవాడు చూడలేదు. జేసీబీతో ఇసుక ఎత్తుతున్నాడు. "అదుగోరా!" అని నేను అరవబోయి మానుకున్నాను. బయల్దేరింది దాని కోసమే అయినా, వాడి తల తిప్పి చూపించడం ఎందుకో బాగుండదనిపించింది. దిగేటప్పుడు మాత్రం వాడే ఆ తొండకు వెళ్ళొస్తానని చెప్పాడు.

గుడి దాకానే ఎక్కాం. ఆపైన బండ మీద పట్టుకుని ఎక్కాలి. నిరుడైతే ఇంత దూరం వచ్చి కొసకు వెళ్ళకపోతే ఎలా అని గొడవపడేదాన్ని. ఈసారి కోనేటి పక్కన నీడలో పెరుగన్నం తిన్నాం. తిరుగు రైల్లో నలుగురం నిద్రపోయాం. మెజెస్టిక్ ఆఖరి స్టేషను కాకపోతే ఏ ఊరు చేరేవాళ్ళమో.

ఇందాక త్రాసు అటక ఎక్కించబోతూ ఎందుకో చిన్నవాడి సంచి తగిలించి చూశాను. నీళ్ళ సీసా ఖాళీ, తిండి ఖాళీ. ముల్లు మాత్రం కిలో తొమ్మిది వందలు చూపించింది. పక్క మీదికి వెళ్ళి మెల్లగా అడిగాను. కళ్ళు తెరవకుండానే, "నేను తీసుకోలేదమ్మా, జేసీబీ ఎత్తింది" అన్నాడు.