కళ్ళు నెత్తికెక్కిన రాజుకు పన్నెండు నెలలు

ఈ మధ్య పేరున్న మనిషి ఎవరైనా పడిపోతే చాలు, విశ్వాసుల ఫోన్లలో స్టేటస్‌లు మారిపోతున్నాయి. "నాశనమునకు ముందు గర్వము నడచును" అని ఒకరు పెడతారు. ఇంకొకరు బైబిల్లో దానియేలు గ్రంథం నాలుగో అధ్యాయం తీసి, నరికేసిన చెట్టు బొమ్మ మీద అతికిస్తారు. కింద పది ఆమెన్‌లు. వాక్యంలో తప్పేమీ లేదు. అది పెట్టేటప్పుడు మన పెదాల చివర కదిలే చిన్న నవ్వుతోనే నాకు పేచీ. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నేనూ నవ్వాను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

బబులోను రాజు నెబుకద్నెజరుకు ఒక పెద్ద చెట్టును నరికేసినట్టు కల వస్తుంది, ఆ చెట్టు నువ్వేనని చెరలో ఉన్న యూదుడు దానియేలు అర్థం చెబుతాడు, చివరికి గర్వించిన రాజు మతి పోయి ఏడు కాలాలు పశువులా గడ్డి మేస్తాడు. ఈ కల, చెట్టు, గడ్డి అన్నీ సండే స్కూల్ నాటి నుంచి వింటున్నవే. నేను మాత్రం ప్రతిసారీ ఇరవై తొమ్మిదో వచనం దగ్గర ఆగిపోతాను. "పండ్రెండు నెలలు గడచిన పిమ్మట." చదివేవాళ్ళు దీన్ని గబుక్కున దాటేసి గడ్డి దగ్గరికి వెళ్ళిపోతారు. గడ్డి రుచిగా ఉంటుంది మరి, ఎదుటివాడు మేస్తుంటే.

ఆ పన్నెండు నెలలూ ఎలా గడిచి ఉంటాయో ఒక్కసారి ఆలోచించండి. కల వచ్చింది, రాజు భయపడ్డాడు. దానియేలు అర్థం చెప్పాడు, ఏం చేస్తే బయటపడతావో కూడా చెప్పాడు. మర్నాడు ఏమీ జరగలేదు. వారం గడిచినా ఏమీ జరగలేదు. మొదటి నెల రాజు కాస్త అణిగి ఉండి ఉంటాడని నా ఊహ. మూడో నెలకి భయం పలచబడి ఉంటుంది. ఆరో నెలకి ఆ కల ఎవరికైనా చెప్పుకునే కథ అయిపోయి ఉంటుంది. పరలోకంలో తీర్పు రాసేశారు, సంతకం అయిపోయింది, అయినా ఆ కాగితాన్ని దేవుడు పన్నెండు నెలలు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. పేతురు తన రెండో పత్రికలో రాసింది దీని గురించే. కొందరు ఆలస్యమని అనుకునేది ఆయన దీర్ఘశాంతం. అది కూడా ఎవరి మీద? యెరూషలేమును కూల్చి, దేవాలయాన్ని తగలబెట్టించిన అన్యరాజు మీద. తన ఇల్లు కాల్చినవాడికి ఏడాది గడువు ఇచ్చిన దేవుడు మన దేవుడు. మనం మాత్రం ఎవడి మీదైనా తీర్పు ఈ ఆదివారం లోపలే రావాలంటాం.

ఇంకో మాట. దానియేలు ఆ రాజుకి "గర్వం మానుకో" అని ప్రసంగం చేయలేదు. పాపాలు మాను, నీతి న్యాయాలు అనుసరించు, "నీవు బాధపెట్టిన వారియందు" కరుణ చూపు అన్నాడు. మందు ఎక్కడుందో చూశారా? మోకాళ్ళ మీద నిలబడి "ప్రభువా, నేను ధూళిని, నేను పురుగును" అనడం తేలిక. పైగా అలా బాగా అనగలిగినవాడికి మంచి ప్రార్థనాపరుడనే పేరు కూడా వస్తుంది. నువ్వు బాధపెట్టిన మనిషి ఇంటి గుమ్మం ఎక్కడం అంత తేలిక కాదు. రాజుకి ఏడాది టైమిచ్చింది ఆ గుమ్మాలు ఎక్కడానికే. ఆయన మాత్రం తన రాజభవనం ఎక్కాడు.

ఎక్కి ఏమన్నాడు? "బబులోనను ఈ మహా విశాలపట్టణము నా బలాధికారమును నా ప్రభావఘనతను కనపరచుటకై నా రాజధాని నగరముగా నేను కట్టించినది కాదా?" ఒక్క వాక్యంలో మూడు "నా"లు, ఒక "నేను". కానీ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. నిజంగా ఆయనే కట్టించాడు. క్రీ.పూ. 605 నుంచి 562 వరకు, నలభై మూడేళ్ళు ఏలి కట్టించాడు. 1899లో మొదలుపెట్టి 1917 వరకు రాబర్ట్ కోల్డెవే అనే జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త ఆ దిబ్బలు తవ్వుతూ పోతే, రాజు పేరు ముద్రించిన ఇటుకలు లెక్కలేనన్ని బయటపడ్డాయి. బబులోను రాజు నెబుకద్నెజరు, ఎసగిల, ఎజిద ఆలయాల పోషకుడు, నబోపొలాసరు పెద్ద కొడుకు అని వాటి మీద ఉంటుంది. గోడలో కలిసిపోయాక ఎవరికీ కనబడని ఇటుక మీద కూడా పేరు! ఇరవయ్యో శతాబ్దం చివర్లో సద్దాం హుస్సేన్ అదే శిథిలాల మీద గోడలు మళ్ళీ లేపించి, కొత్త ఇటుకల మీద తన పేరు వేయించుకున్నాడు. 2003లో ఆయన పాలన పోయింది, ఇటుకలు మిగిలాయి. ఇది రాస్తుంటే నాకు మళ్ళీ ఆ నవ్వు రాబోయింది. ఆపుకున్నాను.

గర్వం అంటే లేనిది ఉందనడం అని మనం అనుకుంటాం. ఉన్నది చెప్పినా అది గర్వమే కావచ్చు. లెక్క సరిగ్గానే ఉంటుంది, లెక్క రాసిన పేరు దగ్గర మాత్రం తేడా ఉంటుంది.

అసలు ఈ మాట రాజు ఎవరితోనూ అనలేదు. మన తెలుగు బైబిల్లో "తనలో తాననుకొనెను" అని ఉంది. ఆ మాట నోట ఉండగానే ఆకాశం నుంచి శబ్దం వచ్చింది. లోపల అనుకున్నదానికి పైనుంచి జవాబు! ఇక్కడ నాకు లూకా పద్దెనిమిదో అధ్యాయం గుర్తొస్తుంది. దేవాలయంలో నిలబడి ఉపవాసాల లెక్క, పదియవ వంతు లెక్క అప్పజెప్పిన పరిసయ్యుడు కూడా "తనలో తాను" ప్రార్థించాడు. ఒకడు రాజభవనం మీద, ఒకడు దేవాలయంలో. ఒకడు విగ్రహాలకు మొక్కేవాడు, ఒకడు ధర్మశాస్త్రం తెలిసినవాడు. ఇద్దరూ తమలో తామే మాట్లాడుకున్నారు. పరిసయ్యుడు "దేవా" అని మొదలుపెట్టాడు కాబట్టి అది ప్రార్థన అనుకున్నాడు. మన సాక్ష్యాలు చాలావరకు ఇలాగే "దేవుని కృపను బట్టి" అని మొదలై, ఆ తర్వాత కృపకు చోటు లేకుండా సాగిపోతాయి.

కళ్ళ సంగతికి వస్తాను, నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. గర్వం పట్టినవాణ్ని మన తెలుగులో "కళ్ళు నెత్తికెక్కాయి" అంటాం. నెత్తి మీద ఉన్న కళ్ళకు ఆకాశం బాగా కనబడాలి కదా? కనబడదు. బబులోను రాజు అంత ఎత్తున నిలబడి చూసింది కిందికి, తన ఊరి వైపుకి. తర్వాత పశువులా ఉన్న ఏడు కాలాలూ చూసింది కూడా కిందికే, గడ్డి వైపుకి. మేడ మీది చూపుకి, మేతలో ఉన్న ఎద్దు చూపుకి దిశలో తేడా లేదు. దేవుడు ఆయన్ని కొత్తగా పశువును చేశాడా, లేక అప్పటికే లోపల ఉన్నదాన్ని బయటికి తెచ్చి చూపించాడా అనిపిస్తుంది నాకు. చివరికి ముప్పై నాలుగో వచనంలో "నా కండ్లు ఆకాశము తట్టు ఎత్తి" అంటాడు. ఈ భాగం మూలంలో ఉన్నది హెబ్రీ కాదు, అరామిక్. అందులో మాటల వరుస చూస్తే కళ్ళెత్తడం ముందు, బుద్ధి తిరిగి రావడం తర్వాత. బుద్ధి వచ్చాక పైకి చూశాడని కాదు, పైకి చూస్తే బుద్ధి వచ్చింది. అప్పటికి తల మీద కిరీటం లేదు, పక్షిరాజు ఈకల్లా పెరిగిన జుట్టు ఉంది. ఆ అవతారంలోనే కళ్ళెత్తాడు.

ఇక నా సంగతి. కొన్నేళ్ళ కిందట సంఘం కమిటీలో ఒక పెద్ద నన్ను పదిమంది ముందు చిన్నబుచ్చాడు. నేను రాసిన లెక్కల పుస్తకం తిరగేసి, "నీకివి అర్థం కావులే తమ్ముడూ" అని పక్కన పెట్టేశాడు. అంతే. ఇంకేమీ అనలేదు. కానీ అది నా లోపల ఏళ్ళ తరబడి మండింది. తర్వాత ఆయన వ్యాపారం దెబ్బతింది, అప్పులయ్యాయి, ముఖం చెల్లక గుడికి రావడం మానేశాడు. ఆ వారం ప్రార్థన కూటంలో వాక్యం చెప్పే వంతు నాది. ఏ అధ్యాయం తీశానో మీకు తెలిసిపోయి ఉంటుంది. ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన పని లేదు, ఆయన కుర్చీ ఖాళీగా ఉంది, నా చూపు రెండు మూడుసార్లు అటే వెళ్ళింది. బాగా మాట్లాడానని నాకే తెలిసింది.

ముగిశాక వెనక వరసలో కూర్చునే ఒక పెద్దావిడ మెల్లగా దగ్గరికి వచ్చింది. "వందనాలు నాయనా. చెట్టును బాగా నరికావు. మొద్దు సంగతి చెప్పలేదేం?" అంది. అంతే, చెప్పులు వెతుక్కుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళి మళ్ళీ చదివాను. నిజమే. కలలో చెట్టును నరికేయమని చెప్పిన దూతే మొద్దును వేళ్ళతో సహా భూమిలో ఉంచమన్నాడు, ఇనుము ఇత్తడి కలిసిన కట్టుతో కట్టమన్నాడు. మళ్ళీ చిగురించాలనే కదా మొద్దు ఉంచేది! ఆ రాత్రే నాకు పందొమ్మిదో వచనం కూడా కనబడింది. అర్థం తెలియగానే దానియేలు గంటసేపు మాట రాక కలవరపడ్డాడు. ఈ కల మిమ్మల్ని ద్వేషించేవారికి తగిలితే బాగుండును అన్నట్టు మాట్లాడాడు. దానియేలు చెరలో ఉన్నవాడు. తన ఊరిని, తన దేవుని మందిరాన్ని ఆ రాజే పోగొట్టాడు. సంతోషించే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉంది. ఆయన గంటసేపు కలవరపడితే, ఒక్క లెక్కల పుస్తకం కోసం నేను గంటసేపు ప్రసంగించాను.

నెబుకద్నెజరు తర్వాత బబులోనును ఏలిన బెల్షస్సరుకు ఈ పన్నెండు నెలలు దొరకలేదు. గోడ మీద రాత కనబడిన రాత్రే ప్రాణం పోయింది, క్రీ.పూ. 539లో బబులోను పారసీక రాజు కోరెషు సైన్యం చేతికి చిక్కింది. అతనికి దానియేలు చెప్పిన కారణం ఒక్కటే: "ఈ సంగతియంతయు ఎరిగియుండియు." పాత రాజు కళ్ళ ముందు ఇలాంటి కథ లేకుండా ఎగిరిపడ్డాడు, ఇతను ఆ కథంతా తెలిసీ యెరూషలేము మందిరపు పాత్రల్లో ద్రాక్షారసం పోసుకున్నాడు. మనం ఈ ఇద్దరిలో ఎవరికి దగ్గర? కథ మనకూ తెలుసు. కంఠతా వచ్చు. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని పేతురు రాశాడు, మనం దాన్ని వీధిలో మొదలుపెడుతున్నాం. దయచేసి ఆ స్టేటస్‌లు తీసేయండి అన్నా, తీసేయండి అక్కా. పడినవాడి నంబరు మీ ఫోన్లోనే ఉంటుంది. వాక్యం పంపక్కర్లేదు, తిన్నావా అని అడగండి.

ఈ అధ్యాయమంతా ఒక ఉత్తరమని కూడా మర్చిపోతుంటాం. రాజు సకల జనులకూ రాసుకున్న సాక్ష్యం అది. తన పరువు పోయిన సంగతి, గడ్డి మేసిన సంగతి, గోళ్ళు పెరిగిన సంగతి తానే రాయించి లోకమంతటికీ పంపాడు. మన సాక్ష్యాల్లో గడ్డి ఉండదు. జబ్బు ఉంటుంది, అప్పు ఉంటుంది, శత్రువులు ఉంటారు, మనం మేసిన గడ్డి ఉండదు.

వచ్చే ఆదివారం నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఈసారి ముందే కాగితం మీద రాసుకున్నాను. లెక్కపెడితే "నేను" పదకొండు చోట్ల ఉంది. నాలుగు కొట్టేశాను. లెక్కల పుస్తకం సంగతి, ఆ ఖాళీ కుర్చీ సంగతి చేర్చాను. చేర్చాక మళ్ళీ చదువుకుంటే, ఎంత నిజాయితీగా రాశానో అని లోపల చిన్న సంతోషం కలిగింది. కాగితం ఇంకా బల్ల మీదే ఉంది.