డచ్ వాక్యంలో క్రియ చోటు

ఇంగ్లీషు ద్వారా డచ్ నేర్చుకునేవారికి తొలి వారాలు సులువుగానే గడుస్తాయి. రెండూ పశ్చిమ జర్మానిక్ కుటుంబానికి చెందిన భాషలు కావడం వల్ల వాటెర్, బుక్, అపెల్ వంటి మాటలకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. అయితే ఈ చుట్టరికాన్ని పూర్తిగా నమ్మకూడదు. డచ్‌లో ‘హూ’ అంటే ‘ఎలా’ అని అర్థం, ‘ఎవరు’ అనడానికి ‘వీ’ అంటారు. ‘స్లిమ్’ అంటే సన్నని మనిషి కాదు, తెలివైన మనిషి.

పదాల తికమక కొద్ది రోజుల్లోనే తీరింది గానీ, నన్ను నెలల తరబడి తిప్పలు పెట్టింది మాత్రం క్రియ. ‘ఇక్ లేస్ వన్‌డాఖ్ అన్ బుక్’ అంటే ‘నేను ఈరోజు ఒక పుస్తకం చదువుతాను’ అని అర్థం. ‘ఈరోజు’ అనే మాటను ముందుకు తెస్తే ‘వన్‌డాఖ్ లేస్ ఇక్ అన్ బుక్’ అనాలి, ఎందుకంటే ప్రధాన వాక్యంలో క్రియ రెండో స్థానాన్ని వదలదు, కర్తే వెనక్కి జరుగుతుంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ నేను రాసిన ‘వన్‌డాఖ్ ఇక్ లేస్’లన్నింటి కిందా ఎర్ర గీతలు పడ్డాయి.

ఉపవాక్యంలో వరుస మళ్లీ మారుతుంది: ‘ఒమ్‌డాట్ ఇక్ వన్‌డాఖ్ అన్ బుక్ లేస్’. ఇందులో ‘ఎందుకంటే’ అనే అర్థమిచ్చే ‘ఒమ్‌డాట్’ను పక్కన పెట్టి చూస్తే, మిగిలినది అక్షరాలా మన తెలుగు వరుసే. ఈ సంగతి గమనించిన రోజున నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. ఇంగ్లీషు నుంచి అనువదించుకోవడం మానేసి, ఉపవాక్యాలను తెలుగులోనే ఆలోచించడం అప్పుడే మొదలుపెట్టాను.

ఇంగ్లీషు ‘ది’లా నామవాచకాల ముందు వచ్చే ‘డె’, ‘హెట్’లలో ఏ మాటకు ఏది వస్తుందో తేల్చుకోవడానికి ఇలాంటి దగ్గరి దారి లేదు, చాలావరకు కంఠస్థం చేయవలసిందే. బహువచనానికి ఎప్పుడూ ‘డె’, ఏకవచనంలో చిన్నదనాన్ని సూచించే రూపానికి ఎప్పుడూ ‘హెట్’ వస్తాయన్నది కొంత ఊరట. ‘డె హోంట్’ అంటే కుక్క, ‘హెట్ హోంట్యె’ అంటే కుక్కపిల్ల.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి విడిపోయే క్రియలు. ‘ఓప్‌బెలెన్’ అంటే ఫోన్ చేయడం, ‘అఫ్‌బెలెన్’ అంటే ఫోన్ చేసి రద్దు చేయడం. ప్రధాన వాక్యంలో ‘బెల్’ రెండో స్థానంలో నిలిచి, ‘ఓప్’ గానీ ‘అఫ్’ గానీ చిట్టచివరికి పోతుంది కనుక, ఆ చివరి మాట చెవిన పడేవరకు అవతలివారు ఏం చెప్పదలచారో తేలదు. ‘వస్తాను’, ‘రాను’ అనే తేడా కోసం వాక్యం చివరిదాకా ఆగడం తెలుగు చెవికి ఎప్పటినుంచో అలవాటే.