మిద్దె తోట వీడియోలకు ‘ఆదివారం గంట’ పెట్టాను: నా అనుభవం

ఇప్పుడే మిద్దె దిగి వచ్చాను. చేతుల మట్టి కూడా సరిగ్గా కడుక్కోలేదు, అయినా ఇది ఈరోజే రాయాలి. ఆరు వారాలుగా ప్రతి ఆదివారం ఒక గంట, నా వీడియోలు చూసేవాళ్ల కోసం ఫోన్ ముందు కూర్చుంటున్నాను. ఎవరైనా రావచ్చు, తోట గురించి ఏదైనా అడగొచ్చు. ఆ గంటలో నేను పాఠం చెప్పను.

ఎందుకు పెట్టానంటే, కామెంట్లకు జవాబు రాసి రాసి నాకే తృప్తి లేకుండా పోయింది. "మొక్క ఎండిపోతోంది మేడమ్, ఏం చేయాలి?" అని ఒక్క ముక్క రాస్తే ఏం చెప్పగలను? కుండీ చూడాలి, అడుగున చిల్లు ఉందో లేదో చూడాలి, రోజుకు ఎన్ని మగ్గులు పోస్తున్నారో అడగాలి. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కలు సబ్బునీళ్లు అని వందసార్లు రాశాను. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లిన మొక్కకు అది ఏం పనికొస్తుంది?

ఏర్పాటు పెద్ద కష్టం కాదు. ఉచిత జూమ్‌లో వీడియో కాల్ 40 నిమిషాలకే ఆగిపోతుంది, గూగుల్ మీట్‌లో 60 దాకా నడుస్తుంది కాబట్టి మీట్. ప్రతివారం అదే లింకు, అదే టైము.

మొదటి వారం మాత్రం డబ్బులిచ్చి మరీ చెడగొట్టుకున్నాను. ఛానళ్లు పెంచుతానని చెప్పే ఒకతను 4,000 రూపాయలు తీసుకుని, ముందుగా ఫారం నింపించండి, పేరు, నంబరు, ఊరు అన్నీ ఉండాలి అన్నాడు. 41 మంది నింపారు, వచ్చింది ముగ్గురు. రెండో వారం ఫారం తీసేసి లింకు నేరుగా పెడితే 19 మంది వచ్చారు. ఇంటికొచ్చినవాళ్లను గుమ్మంలో నిలబెట్టి వివరాలు రాసుకుంటామా? దయచేసి ఎవరూ ఫారాలు పెట్టకండి. ఇంకో మాట, మొదట మాట్లాడినవాళ్లకే గంటంతా ఇచ్చేయకండి. ఒక పెద్దమనిషి తన కంపోస్టు గురించి 25 నిమిషాలు చెప్పారు, మాట్లాడాలని వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు వెళ్లిపోయారు.

ఇక మూడో వారం.

వరంగల్ నుంచి ఒకామె అడిగింది: సొరపిందెలు వేలెడంత కాగానే పసుపు తిరిగి రాలిపోతున్నాయి, మీరు చెప్పినట్టే పొద్దున ఏడు, తొమ్మిది మధ్య మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దుతున్నాను, అయినా నిలవడం లేదు అని. ఇంకా జాగ్రత్తగా రుద్దండి, పుప్పొడి పొడిగా ఉందో లేదో చూసుకోండి అని నేను చెబుతూనే ఉన్నాను. అంతలో మనవడి ఫోన్‌లోంచి చూస్తున్న ఒక పెద్దావిడ, కృష్ణా జిల్లా ఆవిడ, గట్టిగా అంది: "అమ్మాయ్, సొరపువ్వు పొద్దున ఎక్కడ విచ్చుకుంటుంది? దీపాలు పెట్టే వేళకి కదా! బీర, పొట్ల కూడా అంతే. పొద్దున పూసేవి గుమ్మడి, కాకర."

26 మంది ఉన్నారు ఆ గంటలో. నా నోట మాట రాలేదు. సొరకు, బీరకు, గుమ్మడికి అన్నిటికీ కలిపి పొద్దున్నే అని చెప్పిన వీడియో పెట్టి ఏడాది దాటింది. విదేశాల వాళ్లు గుమ్మడికి చెప్పే పద్ధతి చూసి నేర్చుకున్నాను, అదే అన్నిటికీ చెప్పేశాను. మా మిద్దె మీద సొర కాస్తూనే ఉంది, నా చేతి వల్లే అనుకున్నాను. రాత్రి పురుగులు చేసిన పని అది! వరంగల్ ఆమె మెల్లగా అంది, "రెండుసార్లు గొడ్డుపాదు అనుకుని పీకేశాను మేడమ్." ఆ మాట విన్నాక నాకు ఏడుపు ఆగలేదు, కెమెరా ఆపేశాను.

ఆ గంట రికార్డయిన క్లిప్పు ఎవరికీ పంపకు, పాత వీడియో చడీచప్పుడు లేకుండా తీసేయ్ అన్నారు మావారు. నేను ఒప్పుకోలేదు. మర్నాడు సాయంత్రం ఐదున్నర నుంచి సొరపాదు దగ్గరే కూర్చున్నాను. మొగ్గలు ముడుచుకునే ఉన్నాయి, వెలుతురు తగ్గేకొద్దీ ఒక్కొక్కటీ తెల్లగా విచ్చుకున్నాయి. పొద్దున తొమ్మిదింటికి చూస్తే వాడి వేలాడుతున్నాయి. అదంతా వీడియో తీసి, నేను తప్పు చెప్పాను అని మొదటి వాక్యంలోనే చెప్పి పెట్టాను. తెలిసి కూడా తప్పును దిద్దకుండా వదిలేసేవాళ్లంటే నాకు కోపం. మనల్ని నమ్మి ఎండలో నీళ్లు మోసి పెంచిన పాదు అది, వాళ్లది.

కామెంట్లలో ఈ తప్పు ఎవరూ ఎందుకు చెప్పలేదని చాలా ఆలోచించాను. ఆ పెద్దావిడకు టైప్ చేయడం రాదు. మాట్లాడే చోటు ఉంది కాబట్టే చెప్పగలిగింది.

ఆ తర్వాతి ఆదివారం నుంచి టైము నాలుగు గంటల నుంచి ఆరుకు మార్చాను. ఫోన్ సొరపాదు దగ్గరే కడుతున్నాను. పిందె ఉన్న ఆడపువ్వు చూపించి, మగపువ్వు రేకులు తీసేసి, పుప్పొడిని దాని మధ్య కొనకు తాకించి చూపిస్తాను. చీకటి పడేలోపు ఎవరి పాదు దగ్గర వాళ్లు చేసేస్తారు.

ఇవాళ వరంగల్ ఆమె తన పాదు చూపించింది. ఎనిమిది రోజుల పిందె, జానెడు ఉంది, నిగనిగలాడుతోంది. పెద్దావిడ ఫోన్‌కు దగ్గరగా వంగి చూసి అంది, "ఇంకో వారానికి కోసెయ్యి తల్లీ, ముదరనివ్వకు."