ఫైలు మొరాయిస్తే ఆఫీస్‌ను తీసేయకండి

పాత డెస్క్‌టాప్‌లో వర్డ్ ఫైలో ఎక్సెల్ షీటో తెరుచుకోకపోతే చాలామంది చేసే మొదటి పని ఆఫీస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించడం. పూటంతా పోతుంది, సమస్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. తప్పు ఫైల్లో ఉందా, ఆఫీస్ వెర్షన్‌లో ఉందా, విండోస్‌లో ఉందా అని తేలేదాకా దేన్నీ కదపకండి. తేల్చుకోవడం కష్టమేమీ కాదు. అదే ఫైలును ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి, ఈ కంప్యూటర్‌లో ఖాళీ ఫైలు ఒకటి తెరిచి చూడండి. ఖాళీది మామూలుగా తెరుచుకుంటే ఆఫీస్ బాగానే ఉన్నట్టు, ముందు ఫైలునే అనుమానించాలి.

వర్డ్ ఫైళ్ల డాక్స్, ఎక్సెల్ షీట్ల ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫార్మాట్లు ఆఫీస్ 2007తో వచ్చాయి. ఆఫీస్ 2003లో వాటిని తెరవడానికి కంపాటిబిలిటీ ప్యాక్ ఉండేది, 2018లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది. ఇప్పుడు ఎక్కడెక్కడో దొరికే ఇన్‌స్టాలర్లను నమ్మి ఎక్కించుకోవద్దు. పంపేవాళ్లనే ‘వర్డ్ 97-2003 డాక్యుమెంట్’గా, ఎక్సెల్ షీటైతే ‘ఎక్సెల్ 97-2003 వర్క్‌బుక్’గా సేవ్ చేసి పంపమనండి. ఒక్క జాగ్రత్త: పాత ఎక్సెల్ షీటులో 65,536 వరుసలు, 256 నిలువు వరుసలే పడతాయి. కొత్తదాంట్లో 10,48,576 వరుసలు ఉంటాయి. పాత ఫార్మాట్లో సేవ్ చేస్తే హద్దు దాటిన డేటా పోతుంది.

‘ఫైలు ఫార్మాట్‌కూ ఎక్స్‌టెన్షన్‌కూ పొంతన లేదు’ అని ఎక్సెల్ హెచ్చరిస్తే ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే ‘పీ, కే’ అనే రెండు ఇంగ్లిష్ పెద్దక్షరాలు కనిపిస్తే అది చాలావరకు కొత్త ఫార్మాటే, పేరు చివర చుక్క తర్వాత ఉండే ఎక్స్‌టెన్షన్ మాత్రం పాతది తగిలించారు. హెచ్‌టీఎంఎల్ ట్యాగులు కనిపిస్తే అది అసలు ఎక్సెల్ ఫైలే కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వెబ్ పేజీనే ఎక్సెల్ పేరుతో ఎక్స్‌పోర్ట్ చేస్తాయి. ఎక్సెల్‌లో తెరిచి ‘సేవ్ యాజ్’లో సరైన ఫార్మాట్ ఎంచుకుంటే సరిపోతుంది.

అన్నిటికంటే ప్రమాదం, ఫైలు చక్కగా తెరుచుకుని తప్పు లెక్క చూపించడం. పట్టికలో విలువను వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ లాంటి కొత్త ఫంక్షన్ వాడిన షీటును ఎక్సెల్ 2010లో తెరవండి. గడిలో అంకె సరిగ్గానే కనిపిస్తుంది. అది చివరిసారి కొత్త ఎక్సెల్ లెక్కకట్టి ఫైల్లో దాచిపెట్టిన అంకె. ఫార్ములా బార్ చూస్తే ఫంక్షన్ పేరు ముందు ‘ఎక్స్ఎల్ఎఫ్ఎన్’ అని అతుక్కుని ఉంటుంది. ఆ గడిలో ఎఫ్2 నొక్కి ఎంటర్ కొట్టగానే అంకె పోయి, ఆ ఫంక్షన్ పేరు తెలియదని చెప్పే నేమ్ ఎర్రర్ వస్తుంది. అందాకా షీటులో ఏం మార్చినా ఆ గడి పాత అంకెనే పట్టుకుని ఉండొచ్చు, చూసేవాళ్లు అదే నిజమనుకుంటారు. అందుకే బయటినుంచి వచ్చిన షీటులో ముందుగా కంట్రోల్ ఎఫ్ కొట్టి, ‘లుక్ ఇన్’లో ఫార్ములాస్ ఎంచుకుని ఆ ఎక్స్ఎల్ఎఫ్ఎన్ కోసం వెతకండి. దొరికితే పాత ఎక్సెల్‌కూ తెలిసిన ఇండెక్స్, మ్యాచ్ లాంటి ఫంక్షన్లతో తిరగరాయాలి. లెక్క మళ్లీ కట్టే పని లేకపోతే పంపేవాళ్లనే పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా మార్చి పంపమనవచ్చు.

ఇక ఆఫీస్ సంగతి. 2010 వెర్షన్‌కు కనీసం విండోస్ ఎక్స్‌పీ, దాని మీద సర్వీస్ ప్యాక్ 3 అనే పెద్ద అప్‌డేట్ కావాలి. 2013, 2016 వెర్షన్లకు విండోస్ 7, 2019కి విండోస్ 10 తప్పనిసరి. 2013 నుంచి ప్రాసెసర్‌లో ఎస్ఎస్ఈ2 అనే అదనపు సామర్థ్యం కూడా ఉండాలి, పెంటియం 3లో అది లేదు. 64 బిట్ విండోస్ ఉంది కదా అని 64 బిట్ ఆఫీస్ ఎక్కించకండి. పాత యాడ్-ఇన్లు (ఆఫీస్‌కు తగిలించే అదనపు చిన్న ప్రోగ్రాములు) ఎక్కువగా 32 బిట్‌వే, 64 బిట్ ఆఫీస్ వాటిని లోడ్ చేసుకోలేదు. యాక్సెస్ డేటాబేస్‌తో పనిచేసే ప్రోగ్రాం ‘ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్’ అంటే చాలాసార్లు ఈ 32, 64 తేడాయే కారణం. పాత మాక్రోల్లో (ఆఫీస్ పనులు వాటంతటవే జరగడానికి రాసుకునే కోడ్) విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ లైన్లు ఆగిపోవడమూ ఇందుకే, వాటికి పీటీఆర్‌సేఫ్ అన్న పదం చేర్చాలి, అవసరమైనచోట లాంగ్‌ను లాంగ్‌పీటీఆర్‌గా మార్చాలి. పాత మెషీన్‌కు 32 బిట్టే మేలని నా గట్టి అభిప్రాయం.

విండోస్ 7లో ‘ఏపీఐ-ఎంఎస్-విన్-సీఆర్‌టీ’తో మొదలయ్యే డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పంచుకుని వాడే ఫైలు) లేదని వస్తే, ఆ ఒక్క ఫైలును నెట్‌లో వెతికి తెచ్చి పెట్టకండి. సర్వీస్ ప్యాక్ 1 ఉందో లేదో చూసుకుని మైక్రోసాఫ్ట్ కేబీ2999226 అప్‌డేట్ ఎక్కించండి. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ వాడదామనుకుంటే ఎక్స్‌పీకి దాని 5.4 వెర్షనే ఆఖరు. 25.8 వెర్షన్ నుంచి విండోస్ 7లో కూడా పనిచేయదు.

యాక్టివేషన్ కాకపోయినా, సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చినా మూలన ఉన్న గడియారం చూడండి. పవర్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ కొన్నేళ్లు వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయినట్టే. ఎక్కువ బోర్డుల్లో ఉండేది 3 వోల్టుల సీఆర్2032. ప్లగ్ తీసి సెల్ మార్చి, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో తేదీ సరిచేయండి.

వర్డ్ తెరుచుకోవడానికి నిమిషాలు పడుతుంటే డిఫాల్ట్ ప్రింటర్‌ను అనుమానించండి. పేజీ అమరికకు వర్డ్ ఆ ప్రింటర్ డ్రైవర్‌ను అడుగుతుంది, నెట్‌వర్క్‌లో లేని ప్రింటర్ అయితే జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డిఫాల్ట్‌ను ఎక్స్‌పీఎస్ డాక్యుమెంట్ రైటర్‌కు మార్చి చూస్తే తేలిపోతుంది. తెర తెల్లగా మారినా, అక్షరాలు చెదిరినా ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, డిస్‌ప్లే కింద హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేయండి. ఈ ఆప్షన్ మరీ పాత ఆఫీస్ వెర్షన్లలో ఉండదు. అప్పటికీ కుదరకపోతే కంట్రోల్ కీ పట్టుకుని వర్డ్ తెరవండి, సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో బాగుంటే తప్పు ఏదో యాడ్-ఇన్‌దో, కొత్త డాక్యుమెంట్లకు వర్డ్ మూసగా వాడే నార్మల్ టెంప్లేట్ ఫైలుదో అయి ఉంటుంది. టెంప్లేట్ పేరు మార్చేస్తే వర్డ్ కొత్తది తయారుచేసుకుంటుంది. పాతదాన్ని మాత్రం చెరిపేయకండి, సొంతంగా రాసుకున్న మాక్రోలు అందులోనే ఉండవచ్చు.