నలభై అయిదో వీధి పేవ్‌మెంట్

అమ్మాయి వాళ్లుండేది న్యూయార్క్ పక్కనే ఉన్న జెర్సీ సిటీలో. 2023 వేసవిలో నేనూ మా ఆవిడా మూడు నెలలకని వెళ్లాం. లిబర్టీ విగ్రహం, టైమ్స్ స్క్వేర్, నయాగరా మొదటి నెలలోనే చూపించేశారు. వాటి గురించి ఇప్పటికే ఎందరో రాశారు కాబట్టి నేను రాయను. మాన్‌హాటన్‌లో ఒక హోటల్ గోడ పక్కన చూసిన మనుషుల గురించి మాత్రం రాయకుండా ఉండలేను.

ఆగస్టు మొదటి రోజులు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ చూద్దామని అమ్మాయి పాత్ రైల్లో తీసుకెళ్లింది. స్టేషన్ పైకప్పు మీద వేసిన నక్షత్రాలు చూసి బయటికొచ్చాం. కాస్త నడిచామో లేదో, నలభై అయిదో వీధిలో గోడ పొడవునా మనుషులు. అట్టపెట్టెలు విప్పి పరుచుకొని కొందరు పడుకున్నారు, కొందరు మోకాళ్ల మీద తల పెట్టుకొని కూర్చున్నారు. దాదాపు అందరూ మగవాళ్లే. ఎండ దంచేస్తోంది. ఆఫీసులకు పోయేవాళ్లు వాళ్లను దాటుకుంటూ పోతున్నారు.

"ఇది రూజ్వెల్ట్ హోటల్ నాన్నా. వలసొచ్చినవాళ్లు ముందు ఇక్కడికే రావాలి. లోపల చోటు లేదట" అంది అమ్మాయి.

1924లో కట్టిన హోటల్. వెయ్యికి పైగా గదులు. అప్పటికి పాకిస్తాన్ విమానయాన సంస్థ సొత్తు. కరోనా దెబ్బకు 2020లో మూతపడింది. 2023 మే నెలలో నగర ప్రభుత్వం తీసుకొని, వెనిజులా నుంచి, సెనెగల్, మారిటేనియా లాంటి ఆఫ్రికా దేశాల నుంచి వచ్చేవాళ్ల పేర్లు రాసుకునే కేంద్రంగా మార్చింది. అంతకు ముందు ఏడాది నుంచే టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్ సరిహద్దు దాటినవాళ్లను బస్సులెక్కించి న్యూయార్క్‌కు పంపిస్తూ వచ్చారు. సొంతంగా వచ్చేవాళ్లు వేరే.

ఒక కుర్రాడి దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. ఇరవై ఏళ్లుంటాయేమో. మెడలో తాడుకు ప్లాస్టిక్ కవరు, అందులో మడతలు పడ్డ కాగితాలు. బూట్లు విప్పి, వాటి మీద చొక్కా చుట్టి, తల కింద పెట్టుకొని నిద్రపోతున్నాడు.

మా నాన్న అచ్చం ఇలాగే పడుకునేవాడు. మాది పాలమూరు. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాగార్జునసాగర్ కాల్వ తవ్వకానికి మమ్మల్నందర్నీ తోలుకపోయాడు. చాపలతో కట్టిన గుడిసె. నాన్న చెప్పులు తల కింద పెట్టుకునేవాడు, పొద్దునకల్లా ఎవరెత్తుకపోతారోనని. పక్క ఊరి కూలీలకు మేమంటే గిట్టేది కాదు. "పాలమూరోళ్లు వచ్చి మా కూలి పడగొడుతున్నరు" అనేవాళ్లు. అమ్మ బావికి పోతే కడవ పక్కకు తోసేవాళ్లు. వాళ్లవీ కడుపు నిండిన బతుకులేం కావు. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు గానీ తెలిసిరాలేదు.

అదే వీధి మూల మీద పాల డబ్బాలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె బోర్లించుకొని ఒక నల్లజాతి పెద్దాయన కూర్చున్నాడు. పక్కన సూపర్ మార్కెట్ బండి, దాని నిండా మూటలు. అమ్మాయి నీళ్ల సీసా ఇచ్చి మాట కలిపింది. పుట్టింది ఈ ఊళ్లోనేనట. ఆసుపత్రి లాండ్రీలో ఏళ్ల తరబడి పనిచేశాడట. అద్దె పెరిగింది, ఆరోగ్యం చెడింది, ఇల్లు పోయింది. "పన్నులు కట్టినవాణ్ని నేను. నాకు హోటల్ గది ఎవరిచ్చారు?" అని అడిగాడు. షెల్టర్‌కు పోవచ్చు కదా అంటే తల అడ్డంగా ఊపాడు. ఒకసారి పోయాడట. పెద్ద హాలు, వరసగా మంచాలు. పొద్దున లేచేసరికి బూట్లు లేవు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడు ఊరుకోలేకపోయాడు. "మామయ్యా, మేం చదువుకొని, వీసా తీసుకొని వచ్చాం. ఈబీ-2 అనే గ్రీన్‌కార్డు క్యూలో ఇండియావాళ్లకు తేదీ 2011 జనవరి దగ్గరే ఆగిపోయి ఉంది. ఏ దేశానికైనా ఏడు శాతమే. నా ఉద్యోగం పోతే రెండు నెలల్లో సామాను సర్దుకోవాలి. నేను కట్టే పన్నుతో వాళ్లకు గదులా?" అతని గొంతులో ఉన్నది కడుపుమంట కాదు, భయం. ఎడిసన్ నుంచి డల్లాస్ దాకా ఎన్ని తెలుగిళ్లలో ఈ మాటే నడుస్తోందో. నేనేమీ అనలేదు. అనడానికి ముందు అసలు సంగతి తెలుసుకోవాలనిపించింది.

తెలుసుకున్నాక నిద్ర పట్టలేదు. అమెరికాలో ఇంకే మహానగరంలోనూ ఇంత గట్టిగా లేని హక్కు ఆ నాటికి న్యూయార్క్‌లో ఉంది: అడిగినవాడికి ఆ రాత్రి తలదాచుకునే చోటు ప్రభుత్వం చూపించి తీరాలి. 1979లో రాబర్ట్ హేస్ అనే కుర్ర లాయరు, బోవరీ వీధిలో పడుకునే రాబర్ట్ కలాహన్ తదితరుల తరఫున కేసు వేశాడు. అవసరంలో ఉన్నవాళ్లను ఆదుకోవడం ప్రభుత్వ బాధ్యతని రాష్ట్ర రాజ్యాంగంలో 1938లో చేర్చిన మాటే ఆ కేసుకు ఆధారం. 1981 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. అది చూడటానికి కలాహన్ లేడు. అంతకు ముందే ఆ వీధుల్లోనే ప్రాణం పోయింది. నలభై రెండేళ్ల తర్వాత వెనిజులా పిల్లవాడికి మంచం దొరికిందంటే ఆ అమెరికా పౌరుడి పుణ్యమే.

మర్నాడు బోవరీ చూపించమన్నాను. "అక్కడేముంది నాన్నా" అంది అమ్మాయి. నిజంగానే ఇప్పుడక్కడ అన్నీ ఖరీదైన హోటళ్లు, అద్దాల మేడలు. ఇల్లు లేనివాళ్లను ఆదుకుంటూ 1879 నుంచి నడుస్తున్న బోవరీ మిషన్ మాత్రం ఎర్ర తలుపులతో ఇంకా ఉంది. బయట భోజనం కోసం మనుషులు నిలబడి ఉన్నారు. ఆ వరసలో ఎవరు పౌరులో ఎవరు వలసొచ్చినవాళ్లో ముఖాలు చూసి చెప్పడం నావల్ల కాలేదు.

ఆ వేసవిలో నగర షెల్టర్లలో లక్ష మందికి పైగా ఉన్నారు. అందులో సగం మంది కొత్తగా వచ్చినవాళ్లు. అంటే మిగతా సగం ఈ కొత్తవాళ్లతో సంబంధం లేకుండానే ఇల్లు లేనివాళ్లు. అద్దెకు సాయం చేసే వోచర్ ఒకటుంది, కాగితాలు లేని కుటుంబానికి అది రాదు. వోచర్ ఉన్న అమెరికన్ ఇల్లు అడగబోతే ఇంటి యజమానులు ఏదో సాకు చెప్పి తిప్పి పంపిస్తారు. ఆశ్రయం కోరి దరఖాస్తు పెట్టినవాడు పని పర్మిట్ అడగాలంటేనే 150 రోజులు ఆగాలి. చేతులకు తాళం వేసి "కూర్చొని తింటున్నారు" అంటే ఎట్లా? ఈ రెండు కష్టాలూ వేరువేరు చోట్ల పుట్టాయి, వచ్చి ఒకే పేవ్‌మెంట్ మీద పడ్డాయి. ఆ పెద్దాయన గదిని ఈ కుర్రాడు లాక్కోలేదు. ఆయనకు ఇవ్వడానికి గది ఎన్నడూ తెరవలేదు. కొత్తవాళ్ల కోసం కొన్ని నెలల్లోనే ఇన్ని హోటళ్లు తెరవగలిగిన ప్రభుత్వం, అంతకుముందు నలభై ఏళ్లు ఆయనలాంటివాళ్లకు ఎందుకు తెరవలేదని ఆయన అడిగితే, ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాల్సింది మాత్రం ఆ కుర్రాడు కాదు.

అల్లుడితో ఇదంతా చెప్పాను. చాలాసేపు విన్నాడు. ఒప్పుకోలేదు. "మా క్యూ సంగతేంటి మామయ్యా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదని అతనితోనే అన్నాను. ఆగస్టు చివర్లో స్టాటెన్ ఐలాండ్‌లో మూతపడ్డ బడిలోకి వలసదారుల్ని తేవద్దని జనం గుమిగూడటం టీవీలో చూశాం. సెప్టెంబరులో అప్పటి మేయర్ ఎరిక్ ఆడమ్స్ ఈ సమస్య న్యూయార్క్‌ను నాశనం చేస్తుందన్నారు. అప్పటికి మా పెట్టెలు సర్దడం మొదలైంది.

వచ్చే ముందు ఒక్కసారి మళ్లీ అటు తీసుకెళ్లమని అడిగాను. గోడ పక్కన ఎవరూ లేరు. అడ్డకంచెలు పెట్టారు. పేవ్‌మెంట్ కడిగినట్టున్నారు, గోడ మొదట్లో తడిసిన అట్టముక్క ఒకటి అంటుకొని ఉంది. పెద్దాయన మాత్రం మూల మీద అదే పెట్టె మీద ఉన్నాడు. అమ్మాయిని గుర్తుపట్టాడు.

"వాళ్లందర్నీ ఎక్కడికి తీసుకెళ్లారు?" అని ఆయనే అడిగాడు.

"లోపలికి కొందర్ని, బస్సుల్లో వేరే చోట్లకు కొందర్ని" అంది.

"బస్సు ఇక్కడే ఆగింది. నన్నెవరూ ఎక్కమనలేదు."

మా ఆవిడ చేతిసంచిలోంచి రెండు అరటిపళ్లు తీసి ఇచ్చింది. ఒకటి తిన్నాడు. రెండోది బండిలో మూటల మధ్య, ఎండ తగలకుండా, జాగ్రత్తగా దాచుకున్నాడు.