ఏటికొప్పాకలో లక్క పట్టే చోట

విశాఖ నుంచి తుని వైపు హైవేలో ఎలమంచిలి దాటాక అడ్డరోడ్డు దగ్గర దిగి, ఆటోలో ఏటికొప్పాక చేరాను. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. ఇక్కడి లక్క పూత కర్ర బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. కొనడానికి వెళ్ళేవాళ్ళు దుకాణం కంటే ముందు లేత్, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రం, ఉన్న షెడ్డు చూడాలి. ఏ బొమ్మ పదేళ్ళు నిలుస్తుందో అక్కడే తెలుస్తుంది.

కర్ర అంకుడు. తెల్లగా, తేలిగ్గా, సన్నని పోగుతో ఉంటుంది కాబట్టి ఉలికి పీచు లేవదు. కర్ణాటకలోని చన్నపట్న బొమ్మలకు వాడేదీ ఈ చెట్టు కర్రే. కొట్టిన కొమ్మల్ని నీడలో బాగా ఆరనివ్వాలి. పచ్చి లోపల మిగిలితే రెండు నష్టాలు: తర్వాత ఎండేటప్పుడు నడిమి నుంచి అంచుకు నెర్రె విచ్చుతుంది, తడి మీద పట్టిన లక్క పొరలుగా లేస్తుంది.

ఎండిన ముక్కను లేత్‌కు బిగించి, ఉలితో ఆకారం తీసి, ఉప్పుకాగితంతో నునుపు చేశాక అసలు పని మొదలవుతుంది. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, కుంచె అక్కర్లేదు. వేగం చాలకపోతే లక్క గడ్డలు కడుతుంది, ఒత్తిడి ఎక్కువైతే మాడి నల్లమచ్చ పడుతుంది. పట్టిన లక్కను మొగలి ఆకుతో అదిమి పరుస్తారు. ఆ గట్టి ఆకు కిందే అద్దంలాంటి మెరుపు వస్తుంది. ఎంతసేపు చూసినా తనివి తీరని ఘట్టం ఇది.

లేత్ మీద గుండ్రనివే వస్తాయి. అందుకే రాజారాణులైనా, ఎడ్లబండి అయినా గోళాలు, స్తంభాలు, శంకువుల కూర్పే. కొండపల్లి పద్ధతి వేరు: అక్కడ పొనికి కర్రను చేత్తో చెక్కి, భాగాలను చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టుతో అతికి, పైన కుంచెతో రంగులు వేస్తారు.

పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి సహజ రంగుల్ని ఈ ఊళ్ళో మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. పసుపు ఎండకు త్వరగా వెలుస్తుంది. పసుపు, నీలి కలిపి తీసిన ఆకుపచ్చ కూడా కొన్నాళ్ళకు నీలం వైపు తిరుగుతుంది. సహజ రంగుల బొమ్మలు కొన్నవాళ్ళు కిటికీ ఎదుట పెట్టకూడదు.

ఎంచుకునేటప్పుడు నేను ముందు అడుగు భాగం తిప్పి చూశాను. అక్కడ లక్క ఉండదు కాబట్టి నెర్రెలు, పురుగు చేసిన సన్నని రంధ్రాలు, వాటి నుంచి రాలే పిండి కనిపిస్తాయి. తర్వాత బొమ్మ మీది గాడులు చూశాను. లక్క అయితే రంగు అంచు గీత గీసినట్టు ఆగుతుంది. ఎనామెల్ పెయింట్ అయితే గాడిలో చిక్కగా పేరుకుంటుంది. బండి చక్రం తిప్పి చూడాలి, ఊగితే ఇరుసు వదులు. లక్కపిడతల్లో, అంటే పిల్లలు ఆడుకునే చిన్న వంటసామాన్లలో, మూతలు ఒక్కొక్కటీ పెట్టి తీసి చూడడం తప్పనిసరి. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది గనుక, కొన్నప్పుడు మరీ బిగుతుగా ఉన్న మూత తర్వాత అసలు రాదు.

తెచ్చుకునేటప్పుడు ఎండలో ఆపిన కారులో వదిలేయకండి. లక్క మెత్తబడి చుట్టిన కాగితం దానికి అతుక్కుంటుంది. ఒక్కోదాన్ని నూలుగుడ్డలో చుట్టండి. ఇంట్లో పొడిగుడ్డతో తుడిస్తే చాలు. శానిటైజర్, స్పిరిట్ తగలనివ్వకండి. ఆల్కహాల్‌లో లక్క కరిగిపోతుంది. మెరుపు తగ్గితే మెత్తని గుడ్డతో, వేడి పుట్టనంత మెల్లగా రుద్దండి.