పొలం అమ్మే ముందు బాట సంగతి చూడండి

తెలంగాణలో నాలుగెకరాల పొలం అమ్మకానికి పెట్టేవాళ్లు చాలామంది ముందు ఇనుప గేటు చేయిస్తారు, ఓ యాభై మామిడి మొక్కలు నాటిస్తారు. కొనేవాడు ముందు చూసేది మాత్రం కారు గట్టు దాకా వస్తుందా లేదా అనే.

బాట గ్రామ నక్షాలో, అంటే రెవెన్యూ వాళ్ల ఊరి పటంలో ఉందా, పక్క రైతు మంచితనం మీద నడుస్తోందా? నక్షాలో ఉంటే ఆక్రమణ తీయించుకుంటే చాలు. లేకపోతే పక్కాయన దగ్గర ఆ పట్టీ కొనాలి, లేదా మన గట్టు వెంబడి అంతే నేల ఇచ్చి మార్పిడి చేసుకోవాలి. 16 అడుగుల వెడల్పున 200 అడుగుల బాటకు పోయేది మూడు గుంటలకు (ఎకరానికి 40 గుంటలు) కాస్త తక్కువే. ఏదైనా రిజిస్టర్ కావాలి. తెల్లకాగితం ఒప్పందం చూసి కొనేవాడు ధైర్యం చేయడు. రేపు పక్కాయన కొడుకు కంప వేస్తే అడిగే దిక్కుండదు.

ఇక మొరం. 200 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, అర అడుగు మందం అంటే 1,200 ఘనపుటడుగులు. ట్రాలీకి వంద చొప్పున 12 ట్రిప్పులు, తొక్కుడుకు అణిగిపోతుంది కాబట్టి 15 తోలించండి. నల్లరేగడి అయితే అడుగున రాయి పరవకుండా మొరం పోస్తే ఒక్క వానకే దిగబడుతుంది. నడుమ కాస్త ఎత్తు ఉంచితే నీళ్లు పక్కలకు జారతాయి. కాలువ అడ్డం వచ్చిన చోట రెండడుగుల సిమెంటు తూములు వేసి, పైన కనీసం అడుగు మట్టి కప్పాలి. తూము లేకుండా పూడిస్తే నీళ్లు పక్క పొలంలోకి ఎగదన్నుతాయి, బాట పంచాయితీ మళ్లీ మొదటికొస్తుంది. మలుపుల దగ్గర మూల కోసి వెడల్పు చేయండి, బోరు లారీ తిరగాలి కదా.

తర్వాత కొలత. పాసుబుక్కులో 4 ఎకరాలుండి నేల మీద 3 ఎకరాల 34 గుంటలే తేలడం మామూలే. ఆ ఆరు గుంటల సంగతి బేరం కుదిరాక బయటపడితే కొనేవాడికి మొత్తం కాగితాల మీదే అనుమానం వస్తుంది. అందుకే మీసేవలో ముందే సర్వేకి పెట్టి, టిప్పన్ (సర్వే నంబరు కొలతల పాత నమూనా చిత్రం) ప్రకారం కొలిపించి, నలువైపుల రైతుల ఎదుటే హద్దురాళ్లు పాతించండి. మూడడుగుల రాయి రెండడుగులు లోపలికి దిగాలి, లేకపోతే ట్రాక్టర్ నాగలికే కదిలిపోతుంది.

ఈసీ (భూమి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు), రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో సర్వే నంబరు లేదన్న నిర్ధారణ, పంట రుణం తీరినట్టు బ్యాంకు కాగితం, అన్నదమ్ముల పంపకం పత్రం: ఇవన్నీ ఒక ఫైల్లో ఉంచండి. అసైన్డ్ భూమి, అంటే సర్కారు పేదలకు పంచినది అయితే అమ్మకం మాటే వద్దు.

బోరు చూపించేది మే నెలలో. ‘రెండించుల నీళ్లు’ అంటే ఎవరూ నమ్మరు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి గడియారం చూపించండి. నిమిషంలో నిండితే గంటకు 12 వేల లీటర్లు. మోటారు వేసిన వెంటనే కాదు, రెండు గంటలు నడిచాక కొలవాలి.

సర్కారు తుమ్మ కొట్టించి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది, జేసీబీతో వేళ్లతో సహా పీకించాలి. అదే జేసీబీతో పొలం చదును చేయిద్దామని మాత్రం అనుకోకండి. పై మట్టి కిందికి పోయి చౌడో రాయో పైకి తేలితే, రైతు కాలితో తన్ని చూసి వెనక్కి తిరుగుతాడు.